తాళం పెట్టిన డబ్బా

చిలకలగూడలో క్రేన్లు కిరాయికిచ్చే ఆఫీసు. ఏ క్రేన్, ఏ మనిషి ఏ రోజు ఎక్కడికి పోవాలో కంప్యూటర్ తెర మీద రంగు డబ్బాలుగా పేర్చే సింధూర పక్కన, ముప్పై ఏళ్ళుగా క్రేన్ నడుపుతున్న భద్రయ్య నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే వినడు.

"గా కిషన్‌ను తీసెయ్ బిడ్డా. రేపు నాతోని వద్దు."

"నిన్న సుత ఇదే చెప్పినవ్ కాకా. ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు. కిషన్ డబ్బా పద్మారావు నగర్ దిక్కు గుంజు. ఆడ కింద నిలబడి చేత్తోని సిగ్నల్ ఇచ్చే యుగంధర్‌ను నాకియ్యి."

"ఇదిగో మౌస్. నువ్వే గుంజు."

"నాకు అదంత రాదు. నేను ముట్ట."

"నేను గుంజినా రాదు. చూడు, డబ్బా మీద తాళం గుర్తుంది. నీ క్రేన్ యాడికి పోతే కిషన్ ఆడికే పోతడు."

"తాళం ఎవలు పెట్టిన్రు?"

"నేనే."

"నన్నడగకుండనా?"

"ముందు నువ్వు చెప్పు. కిషన్ ఏం చేసిండు?"

"ఏం చేస్తడు. ఫోన్ చూస్తడు. చాయ్ అని మాయమైతడు."

"కిషనా? మొన్న జ్వరంల సుత వచ్చిండు."

"సిగ్నల్ సక్కగ ఇస్తలేడు."

"పదకొండేండ్లు నీ చేతికింద నేర్చుకున్నోడు?"

"నువ్వు ఆఫీసుల కూసుంటవ్. సైటు మీద ఏం నడుస్తదో నీకేం ఎరుక?"

"ఎరుక లేదు, అందుకే అడుగుతున్న. కూసో కాకా, ఎందుకట్ల తిరుగుతవ్?"

"సార్ ఎప్పుడొస్తడు?"

"పదకొండుకు. చెప్దామా, కిషన్ మంచిగ చేస్తలేడని?"

"వద్దొద్దు. సార్‌కెందుకు. పోరని నౌకరి పోతది."

"మరి?"

"వాని ఇంటామెకు నెలలు నిండినయ్. అందుకే."

"నెలలు నిండితే సెలవు వాడడుగుతడు. నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?"

"చాయ్ ఉందా?"

"కాకా."

"మొన్న మారేడ్‌పల్లిల ఇనుప గడ్డర్ లేపిన. వాడు ఎడమ దిక్కు నిలబడ్డడు. నాకు కానరాలే."

"ఏమన్న అడ్డం ఉండెనా?"

"ఏం లేకుండె. ఎడమ దిక్కు ఏదున్నా గిట్లనే... మూడు నెలలాయె, అంత మసక. గడ్డర్ వాని చెవి పక్కకెళ్ళి పోయింది. వాడు ఒర్రలే, కేకెయ్యలే. కుడి దిక్కుకొచ్చి చెయ్యి లేపిండు, ఆపమని. అంతే."

"దవాఖానకు పోయినవా?"

"పోతే కన్ను మంచిగ లేదని కాయిదం రాస్తరు. కాయిదం వస్తే క్రేన్ ఎక్కనిస్తరా? నాకు ఇంకో పని రాదు బిడ్డా."

"అందుకని కిషన్‌ను తీసి యుగంధర్‌ను పెట్టమంటవ్. యుగంధర్‌కు ఇద్దరు పిల్లలు కాకా."

"నన్నట్ల చూడకు."

"తాళం ఎందుకు పెట్టిన్నో వింటవా? మారేడ్‌పల్లి పనైన తెల్లారే కిషన్ వచ్చిండు. 'కాకతోని నన్నే వెయ్యి, వేరేటోళ్ళను వెయ్యకు, తాళం పెట్టు' అన్నడు. ఎందుకని అడిగితే, 'కాక ఎడమ దిక్కు ఎట్ల నిలబడాల్నో నాకొక్కనికే ఎరుక' అన్నడు. నీ మీద పావురంతోని, ప్రేమతోని అన్నడనుకున్న. ఇప్పుడు సమజైతున్నది."

"అంటే వానికి ఎరుకనా?"

"ఎరుకే. ఎరుకుండే నీ కింద నిలబడుతున్నడు."

"నెలలు నిండిన పెండ్లాన్ని ఇంట్ల పెట్టుకొని... గా మౌస్ ఇటియ్యి."

"ముట్ట అంటివి."

"ఇయ్యి. ఈ పచ్చ డబ్బా నాదేనా?"

"నీదే. ఏం చేస్తున్నవ్ కాకా?"

"పనికి పోనోళ్ళను యాడ పెడ్తవ్?"

"తెర మీద, ఎడమ దిక్కు పట్టీల."

"జెర చెయ్యి పట్టి గుంజు బిడ్డా. గా దిక్కు నాకు కానొస్తలేదు."