సగానికి కోసిన కల్లం తాడు

కదిరప్ప, ఓబులేసు అని అన్నదమ్ములు. నాయన పోయినాక కూడా కొన్నాళ్ళు బాగనే ఉండ్రి. ఆ మీదట పెండ్లాలకు పొయ్యికాడ పడక వేరు పడినారంట. పడితే పడినారు, మొండోళ్ళు ఇద్దరూ, వెంట్రుకవాసి తేడా రాకూడదంట! గొర్రెలు సగం, కుండలు సగం. కడాకు మిగిలింది నాయన కల్లం తాడు. కల్లం తాడంటే తెలుసు కదా? ఏటేటా కోతలైనాక గట్టినేల చూసి గుంజ పాతి, దానికి తాడు తగిలించి, రెండో కొస పట్టుకోని గీత గీసుకుంటా చుట్టూ వస్తే గుండ్రంగా వస్తుంది. ఆ గీత లోపల నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికితే అదే కల్లం. ఆ ఇంట్లో తాడెంతో కల్లం అంత, తాతల కాలం నుంచి. ఇద్దరూ నాకంటే నాకని పట్టుకుంటే ఊరి పెద్దమనుషులేం చేసినారు? "దీనికింత రచ్చ యాలరా? తాడును నడిమికి కోస్తే సరి. సగం తాడు, సగం కల్లం" అని కొడవలి పెట్టి కోసేసినారు. అందరూ బాగుంది బాగుంది అనిరంట. నేనున్నా అట్లనే అందును, మీరూ అంతే.

ఆ యేడు కూడా కొర్ర ఎప్పట్లాగనే పండింది, ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఎవరి తాడుతో వాళ్ళు చెరొక కల్లం గీసుకున్నారు. కదిరప్ప తన వంతు కంకులు తెచ్చి పరిస్తే ఏమైందంటే, సగానికే కల్లం నిండిపాయె. మిగతా సగం బయటనే! ఇదేంది, నాయన కల్లంలో ఇద్దరి పంటా ఒకేసారి పట్టేది కదా, ఇప్పుడు నా ఒక్కడిదే పట్టదేంది, తమ్ముడే ఏదో చేసినాడు అనుకోని ఉరుక్కుంటా పోయినాడు. పోతే ఏముంది, తమ్ముడు కూడా బయట మిగిలిన కంకుల ముందర నిలబడుకోని తల గోక్కుంటా ఉండాడు. "అన్నా, నా కల్లం ఎంత తింటివి?" అని వాడే ముందు అడిగె. "ఒరేయ్, నువ్వు తిని నన్నంటావా?" తాడు ముక్కలు పక్కపక్కన పెట్టి చూసిరి. సమానం. కొసా కొసా కలిపి నేలమీద పరిచి చూసిరి. నాయన తాడే, బెత్తెడు కూడా తగ్గలేదు. మరి కల్లం యాడికి పాయె? ఇద్దరి కాడా లేదాయె! పెద్దమనుషులొచ్చి ఒకడేమో దయ్యం అనె, ఒకడేమో చచ్చిపోయినాయనకు కోపమొచ్చిందనె. ఇంతలో పడమట మబ్బు పట్టె. కంకులు తడిస్తే మొలకలొస్తాయి, రెండిండ్లకూ ఏడాది కూడు అదే. ఆ భయానికి కదిరప్పకు ఒళ్ళు తెలీకుండా పోయి, కంకులు తిరగేసే పంగలకర్ర ఎత్తినాడు తమ్ముని మీదికి.

వాళ్ళమ్మ సుంకులమ్మ అడ్డం పడె. "ఆగండ్రా నాయనా! కాపరానికి వచ్చిన కాడ్నుంచి మీ నాయన కల్లం అలికినదాన్ని నేను. నాలుగు గంపల పేడ పట్టేది. మొన్న మీవి అలికితే ఒక్కోదానికి ఒక్క గంపే. పేడ మిగిలిందని సంబరపడితిని గానీ, తగ్గింది కల్లమని తెలీకపాయె. తాడు సగమైతే కల్లం అంత చిన్నగా యాల అయిందో నాకూ తెల్దు. కోసినాకనే పోయింది, అదొకటి తెలుసు. ముడెయ్యండి" అనె.

ఎవరికీ ఏమీ అర్థం కాలే. మబ్బు మాత్రం అందరికీ అర్థమైంది. తాడు ముడేసి పెద్ద కల్లం గీసినారు. కోడండ్లిద్దరూ మాట్లాడుకోకుండానే కలిసి అలికినారంట. ఏం పుణ్యమో, మబ్బు కొండ దాటలే. మరుసనాడు కల్లం ఆరినాక ఇద్దరి ఎద్దులూ ఒకే గుంజ చుట్టూ తిరిగినాయి. గింజలు ఇల్లు చేరినాకే వాన దిగింది. ఇంకొకటి చెప్పాల. ముడికి కాస్త తాడు పోయింది కదా, కల్లం నాయన కల్లమంత రాలే. అంచున కొన్ని కంకులు గీత దాటి బయటికే పడినాయి. కోడండ్లు వాటిని ఒకే చేటలోకి ఏరినారు, ఇవి నావని ఎవరూ అనలే.

తాడు అబద్ధమాడదు, పేడ అబద్ధమాడదు. మరి రెండు గంపల కల్లం యాడికి పోయినట్టు? రాసుకుంటుండావు కదా సారూ, నీకేమన్నా తెలుసునా? తెలిస్తే బిన్నా చెప్పు, ఆలస్యం చేయొద్దు. మా ఇంట్లో కూడా వేరు పడదామంటుండారు.