ఇడ్లీ ప్లేటులో పూసలు

ఏదీ, ఇలా పట్టు ఆ ఫోను. కాస్త దూరంగా... ఆ, ఇప్పుడు కనపడుతోంది. లిడియా కదూ! ఓసి నీ అసాధ్యం కూలా, దాని పెళ్ళి ఫొటో నీకెక్కడ దొరికిందే జ్యోత్స్నా? వాళ్ళ మనవరాలు పంపిందా? సరే సరే, తెనాలి నుంచి బండెక్కి వచ్చింది ఈ ముసలిదాన్ని చూట్టానికి కాదన్నమాట, ఆ తల మీద పూసల పట్టీ కోసం. గది నిండా పూసలు పరుచుకుని కమ్మలూ బ్రోచీలూ కుట్టుకునేదానివి, నీ కళ్ళు ఇంకెక్కడికి పోతాయిలే. అది కుట్టింది మీ తాత వాళ్ళమ్మే, మా అత్త రాహేలమ్మ. ఏంటీ? ఒకవైపు పూలు తెల్లగా ఉండి ఇంకోవైపు నల్లగా ఉన్నాయా? నీడ కాదే పిచ్చిదానా. ఆ రోజుల్లో ఫొటోలకి రంగులెక్కడివి. నల్లగా కనపడేవి ఆకుపచ్చ పూలు. నవ్వకు. మన రేపల్లె చర్చి గుడిలో, పాస్టరు అయ్యగారి ముందు, పేటంతా చూస్తుండగా అవి లిడియా నెత్తిన ఉన్నాయి. ఆ చిక్కుడుకాయలు ఇటు జరుపు, ఈనెలు తీస్తూ చెబుతా.

మా అత్తకి ఆ పని చిన్నప్పుడు బోర్డింగు స్కూల్లో కుట్టు టీచరు నేర్పిందంట. అప్పణ్ణించి మన పేటలో ఏ పిల్లకి పెళ్ళైనా ముసుగు మీద కట్టే పట్టీ ఆవిడే కుట్టాలి. తెల్ల శాటిన్ గుడ్డ మీద తెల్ల పూలు, పసుపు బొడ్లు, ఆకుపచ్చ ఆకులు, చివర్న ఎర్ర మొగ్గలు. ఎవరికైనా అదే. నీ మాదిరి దానికో రంగు దీనికో రంగు లేదు. ముందు ఆ పిల్లని కూర్చోబెట్టి నుదుటి మీద జానేసి కొలిచేది. అయ్యాక మళ్ళీ తనే కట్టి చూసేది, ఇంకొకళ్ళు ముట్టుకుంటే ఊరుకునేది కాదు. నోరు కూడా అలాంటిదేలే. పూసల కోసం తెనాలిలో శివరామయ్య ఫ్యాన్సీ షాపుకి వెళ్ళేది, నన్నూ తోడు తీసుకెళ్ళేది. ఆయన ఈవిణ్ణి చూడగానే, "వచ్చిందయ్యా మా ఇన్‌స్పెక్టరమ్మ, దాచినవన్నీ బయటికి తియ్యండి" అని కేకేసేవాడు. అరిచేతిలో పోసుకుని వంకరవన్నీ ఏరి ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చేది మరి. ఏం చెబుతున్నా? ఆ, ఇడ్లీ ప్లేటు. నేను కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మ ఇడ్లీ పాత్ర ఇచ్చింది. అందులో పై ప్లేటు, నాలుగు గుంటలది, ఒకరోజు మాయమైంది. చూద్దును కదా, ఈవిడ ఒళ్ళో ఉంది! గుంటకో రంగు పూసలు. "అత్తయ్యా, నా ప్లేటు" అంటే, "నీ ఇడ్లీలు ఎవడు తింటాడే, రాళ్ళు" అంది. ఆ ఇడ్లీలే పొద్దున్న నాలుగు లాగించింది మహాతల్లి.

కళ్ళు పోతున్నాయని ఎవరికీ చెప్పలేదే ఆవిడ. అదీ సంగతి. "కొండమ్మా, దారం ఎక్కించు" అని రోజూ పిలుస్తుంటే అత్తగారి పెత్తనం కాబోలనుకుని విసుక్కుంటూ ఎక్కించేదాన్ని. పువ్వు చుట్టూ ముందు లావు దారంతో గీత కుట్టుకునేది. అదేదో అందం కోసమనుకున్నా. వేలికి తగలడానికని నాకేం తెలుసు? మీ తాత మాత్రం ఆవిడ గడప తన్నుకోవడం ఒకటి రెండుసార్లు చూశాడు. అప్పుడు జంపని పంచదార ఫ్యాక్టరీలో ఫిట్టరు కదా, చెరుకు సీజనులో ఇంటిపట్టున ఉండడాయె, చూసిన ఆ కాసేపటికే గొడవ. "ఇంక చాల్లేమ్మా. యోబు తల్లికి కూడు పెట్టట్లేదు, అందుకే ముసల్ది కుట్టుకుంటోందని అనుకుంటున్నారు జనం. ఈసారి ఎవరన్నా ఒక్క మాటన్నారంటే ఆ సూదులూ పూసలూ కాలవలో పారేస్తా." ఈవిడ తక్కువ తిందా? "ముందు నన్ను పారెయ్యరా, తర్వాత వాటిని పారేద్దువు" అని. పైకి అలా అందా, ఆయన వెళ్ళాక నాతో మెల్లిగా అంది, "ఈ చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకు కూర్చోమంటే నేను బతకలేనే కొండమ్మా" అని. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు చూడు.

ఆ సమయంలోనే లిడియా పెళ్ళి కుదిరింది. మేష్టారి కూతురు, పక్క వీధే. పెళ్ళికొడుకుది బాపట్ల. పట్టీ సగం అయిందనగా చూసి పోదామని వచ్చింది పిల్ల. ఎగురుకుంటూ వచ్చి అత్త పక్కన చాప మీద కూలబడింది. చోటు చాల్లేదు. ఆ ప్లేటు ఎత్తి అవతల పెట్టి, పోయేటప్పుడు మళ్ళీ తెచ్చి ఎప్పటిచోటే పెట్టి పోయింది. పెట్టింది సరే, ఒక గుంట పక్కకి తిరిగిపోయింది. గుండ్రటి ప్లేటు, దానికి తలా తోకా ఉందా? మా అత్తకేమో తన దగ్గరిది తెలుపు, దాని పక్కది ఆకుపచ్చ, అవతలిది పసుపు, ఆఖర్ది ఎరుపు. చెయ్యి చాపి తీసుకోవడమే, చూడ్డం లేదుగా. పూలు ఆకుపచ్చవి, ఆకులు పసుప్పచ్చవి వేసుకుంటూ మిగతా సగం కుట్టేసింది. నేనా? నాట్లకి పోయి పొద్దుగూకి ఇంటికొస్తుంటే దాని వంక చూసిందెవరు?

పట్టీ తీసుకోడానికి లిడియా, వాళ్ళమ్మ వచ్చారు. గుడ్డ మడత విప్పేసరికి సగం పూలు ఆకుపచ్చవి! వాళ్ళమ్మ "అయ్యో, ఇదేం..." అని నోరు తెరిచింది. మా అత్త నవ్వుమొహంతో, "ఏమ్మా లిడియా, నచ్చిందా?" అంది. అయితే లిడియా ఉన్న వైపు చూస్తూ కాదు, గుమ్మం వైపు చూస్తూ అంది. లిడియా ఆవిడ కళ్ళలోకి చూసింది, ప్లేటు వంక చూసింది. వాళ్ళమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, "పూలు మల్లెల్లా తెల్లగా ఉన్నాయత్తా. కట్టు" అని తల వంచింది. ఆవిడ తడుముకుంటూ కట్టింది. నేనటు తిరిగి కళ్ళు తుడుచుకున్నా. ఒక్కొక్కటీ, దారం, గడపా, లావు గీతా, అన్నీ అప్పుడు గుర్తొచ్చాయి.

పెళ్ళి బాగానే జరిగింది. ఆవిడ దగ్గర దాచాలంటే ఊరంతటి నోరూ కట్టాలి, అయ్యే పనేనా? భోజనాల దగ్గర ఎవరో పెద్దావిడ, "ఆకుపచ్చ పూలేంటి రాహేలమ్మా, కొత్త ఫ్యాషనా?" అంది. మా అత్త ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. "అవును, కొత్తదే" అంది. అన్నం పూర్తిగా తినే లేచింది, ఆవిడ పట్టుదల అట్లాంటిది. ఇంటికొచ్చి గుడ్డ బిగించే కుట్టు రింగూ సూదులూ పెట్టెలో పెట్టేసింది. ప్లేటు కడిగి, తుడిచి నాకిచ్చేసింది. "ఇడ్లీలేసుకో." ఆ మాట వినలేకపోయానే తల్లీ. ఇక ఊరికే మంచం మీద కూర్చునేది. చేతులు మాత్రం దుప్పటి అంచు పట్టుకుని అటూ ఇటూ నలుపుతూనే ఉండేవి. మీ తాత అడిగింది అదేగా, ఆవిడ కుట్టడం మానెయ్యాలనేగా. మానేసింది. ఆ మనిషి సంతోషపడ్డాడా? కంచం ముందు కూర్చుని వాళ్ళమ్మ చేతుల వంక చూస్తూ ఉండేవాడు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళొచ్చాడు కూడా. కళ్ళలో నీటికాసుల జబ్బంట, పోయిన చూపు రాదన్నారు.

లిడియా బాపట్ల నుంచి పుట్టింటికి వచ్చిందో లేదో ఇటే వచ్చింది. మా అత్త దాన్ని కూర్చోనిస్తేనా! "నా ఇంట్లో, నా చేత్తో కట్టించుకుంటూ నాకే అబద్ధం చెప్పావే. గుడ్డిదని జాలిపడ్డావా? నీ జాలి తీసుకెళ్ళి మీ బాపట్లలో పెట్టుకో పో" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆ పిల్ల భయపడలేదు. "జాలెందుకత్తా. ప్లేటు తిప్పి పెట్టింది నేను. సగం దాకా ఒక్క పూస తప్పు పోలేదు, నేనొచ్చి పోయాకే మారింది. వేళ్ళతో చూసుకుంటావో కళ్ళతో చూసుకుంటావో నాకేం తెలుసు? తప్పు నాది, అందుకే నా నెత్తిన పెట్టుకున్నా" అంది. మా అత్త దాని గొంతు వైపు తిరిగింది. "సగం దాకా తప్పు పోలేదా?" అని అడిగింది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగిందే. "పోలేదత్తా" అంటే, "కొండమ్మా, నువ్వు చెప్పు" అని నన్నడిగింది. ఒక్కటీ పోలేదన్నా. నిజమే చెప్పా. అయినా ఆవిడ పెట్టె తియ్యలేదు. "ఇవాళ నువ్వు తిప్పావు, రేపు పిల్లి తిప్పుతుంది. ఇంకో పిల్ల నెత్తిన పెట్టలేను" అని అటు తిరిగి పడుకుంది.

మీ తాత అరుగు మీద చెప్పులు విప్పుకుంటూ అంతా విన్నాడు. లోపలికి రాలేదు. కాసేపటికి దొడ్లోంచి గరగరమని చప్పుడు. పోయి చూస్తే మోకాళ్ళ మధ్య నా ఇడ్లీ ప్లేటు, చేతిలో ఆకురాయి. "అయ్యో అయ్యో, మా అమ్మిచ్చింది, దాన్నేం చేస్తున్నావయ్యా" అని మొత్తుకున్నా. "అరవమాకు" అన్నాడు. అంచు మీద ఒకచోట గాటు పెట్టాడు. ఆవిడ వేలు ఎక్కడ గీరుకుపోతుందోనని దాన్ని మళ్ళీ నున్నగా అరగదీశాడు, తన బొటనవేలుతో రుద్ది రుద్ది చూసుకున్నాడు. అప్పుడు తీసుకెళ్ళి వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టి బయటికి పోయాడు. వాళ్ళిద్దరికీ మంచిమాట నోటికి రాదులే, తల్లీకొడుకులు అందులో ఒకటే. ఆవిడ ప్లేటు అంచు చుట్టూ వేలు పోనిచ్చింది. ఆ గాటు దగ్గర ఆగింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ అక్కడే ఆగింది. బుగ్గల మీద కారిపోతోంది, తుడుచుకోదే. అలా కూర్చుని, కూర్చుని, "ఏం చూస్తావే కొండమ్మా, పెట్టె తియ్యి" అంది. "తెల్లవి ఈ గాటు దగ్గర పొయ్యి."

...

ఏంటి? ఊ. ఏం లేదు. కుక్కరు ఎన్ని విజిళ్ళేసిందో చూసి కట్టేసి రా పో, పప్పు మాడిపోతుంది.