రెండో అరటిపండు

గడియారాలు బాగుచేసే కొట్టులో పదకొండు కావస్తోంది. చనిపోయిన తండ్రి కుర్చీలో ఇవాళే మొదటిసారి కూర్చున్న అమ్మాయి, కిందకి వంగి నేలంతా తడుముతోంది. పక్క కుర్చీలోని ముసలి మెకానిక్ భూతద్దం పక్కన పెట్టాడు.

"మళ్లీ స్క్రూ పడేశావా తల్లీ?"

"రెండోసారి బాబాయ్. చెయ్యి నిలవట్లేదు."

"పొద్దున్న ఏం తిన్నావు?"

"రెండు టీలు తాగి వచ్చాను."

"అదీ సంగతి. లే పైకి. స్క్రూ పడిందంటే ముందు తినాలి, తర్వాతే వెతకాలి. మీ నాన్న పెట్టిన రూలు. పదకొండయిందంటే గుప్పెడు వేరుశనగలు, ఒక అరటిపండు. ఎవరొచ్చి నిలబడ్డా సరే, తిన్నాకే పని."

"ఒకటేంటి? ఇంట్లోంచి రోజూ రెండు పట్టుకెళ్లేవాడుగా! కూర్చుని చేసే పనికి అంత తిండేంటని అమ్మ ఏడిపించేది కూడా. నవ్వి ఊరుకునేవాడు."

ముసలాయన తన సంచీ ఒళ్లోకి లాక్కున్నాడు.



"రెండోది నాది తల్లీ. నేనూ నీలాగే ఉత్త టీ తాగి వచ్చేవాణ్ణి."

"మరి నాన్న పోయాక?"

"గోడ మీద గడియారాలన్నీ పదకొండు కొడుతూనే ఉన్నాయి. నాకే తినబుద్ధి కాలేదు. ఇవాళ నువ్వొస్తున్నావని రెండు తెచ్చాను. స్క్రూ ఎక్కడికీ పోదులే, ముందు ఒలుచుకో."