ఫొటో కింద మాట

వజ్రపుకొత్తూరు దగ్గర ఒక పల్లె. కామేశ్ పెద్దకర్మ ఎల్లుండి. అతను ప్రతి ఆదివారం కవిత పెట్టే వాట్సాప్ గ్రూపును నడిపే సుధారాణి టీచరు, ఫ్లెక్సీ మీద అతని రాతల్లోంచి ఏ మాట వేయించాలో అడగడానికి పలాస నుంచి వచ్చి, అతని భార్య ఉమ పక్కన అరుగు మీద కూర్చుంది.

“అది కాదు ఉమా, ఇంకోటి చూద్దాం. తుఫానుకి పడిపోయిన కొబ్బరిచెట్టు మీద రాశాడు చూడు, అదెంత బాగుంటుందో! చదవనా?”

“వొద్దక్కా. ‘రేపటి బస్సులో నా సీటు ఉంచండి.’ అదే ఎయ్యండి. ఫొటో కింద, పెద్ద అచ్చరాల్తోటి.”

“అదే ఎందుకే?”

“మావ ఆకరికి రాసినాది అదే కదా.”

“ఆఖరిదైతే మాత్రం? అంతకన్నా మంచివి బోలెడున్నాయి. ఒక్క ఆదివారం తప్పలేదు వాడు.”

“నాకు తెలీదేటి? కూడొండుతుంటే పొయ్యి కాడికొచ్చి సదివి, నాను ‘ఊఁ’ అంటేనే గ్రూపులో పెట్టీవోడు. మీరు బాగుందంటే సాలు, ఆ పూట రెండు ముద్దలెక్కువ తినీవోడు. డయాలసిస్‌కని పలాస ఎల్లి వాడిపోయి వొచ్చినోడు, ఫోను సూసుకుని నవ్వీవోడు. ఇన్నాళ్ళూ మీ గ్రూపే బతికించినాదక్కా.”

“అలా అనకు.”

“ఉన్నమాటే.”

“అనకే తల్లీ, నీకు దండం పెడతాను.”

“టీచరమ్మా, ఆ మాట ఎయ్యకండి. సీటు ఉంచమన్నాడంట నా కొడుకు! ఉంచితే ఎక్కినాడేటి?”

“జోగమ్మగారూ, మీరు కూచోండి ముందు.”

“అత్తా, నువ్వు లోపలికెల్లు.”

“నానెందుకెల్తాను? కండకటరు సెప్పలేదేటి? అది రాసిన వారమంతా పలాస బస్సెక్కనే లేదంట. టీ బడ్డీ కాడ కూకుని, సేతికి తనే పట్టీ అంటించీసుకుని, సాయంత్రం వొచ్చీసి ‘అయిపోనాది’ అన్నాడు. నాకంటే సూపు ఆనదు. పెళ్ళానికి కళ్ళు లేవేటి? మొగుడి ఒళ్ళు పొంగిపోతంటే కూలికి జీడిపిక్కలు కొట్టడానికి ఎల్లిపోనాది!”

“కూరలో ఉప్పెక్కువై పొంగిందన్నాడత్తా! ఎన్నిసార్లు సెప్పాల నీకు?”

“సెప్పు సెప్పు. ఊరందరికీ సెప్పు.”

“వెళ్ళిపోయిందిలే లోపలికి. ఏడవకు ఉమా. కడుపుకోత, ఏదో అంటుంది.”

“అననీండి. అందుకేనక్కా ఆ మాట కావాల నాకు. అది రాసిన్నాడు ఎల్దామనే అనుకున్నాడు కదా? బతకాలనే ఉన్నాది కదా? తరవాత మనసెందుకు ఇరిగిపోనాదో నాకు తెలీదు. ఆ రోజుకైతే... ఏటక్కా, అలగ సూత్తన్నారు?”

“ఏం లేదు.”

“మొకం అలగైపోనాదేటి? మంచినీళ్ళు తేనా?”

“వద్దు, కూచో. ఉమా... ఆ మాట వాడిది కాదు.”

“ఏటి?”

“వాడిది కాదే. నాది.”

“ఏటంటన్నారక్కా?”

“మా గ్రూపులో ఒక కట్టుబాటుంది. ఏడుపు కవితలు పెట్టకూడదు. నేనే పెట్టాను ఆ కట్టుబాటు. మా ఆయనా ఈ కిడ్నీలతోనే పోయాడు కదా. గ్రూపులో సగం మంది సూదులు పొడిపించుకుంటున్నవాళ్ళే, ఒకళ్ళ ఏడుపు చూసి ఇంకొకళ్ళు జారిపోతారని నా భయం. అందుకని ఎవరు రాసినా ముందు నాకు పంపాలి. ఆ ఆదివారం వాడు పంపినదాంట్లో ఆఖరి మాట వేరే ఉంది.”

“ఏటున్నాది?”

“ఇప్పుడెందుకులే.”

“సెప్పండి.”

“‘రేపటి బస్సులో నా సీట్లో ఎవరైనా కూచోండి’ అనుంది.”

“అప్పుడు మీరేటన్నారు?”

“తమ్ముడూ, ముగింపులో ఆశ ఉండాలి, మార్చు అన్నాను. ఇదే బాగుందక్కా, వదిలెయ్ అన్నాడు. నేను వదల్లేదు. ‘నా సీటు ఉంచండి’ అని నేనే రాసి పంపాను. నా మాట తీసెయ్యలేక అదే పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా ముందు నేనే కొట్టాను. వాడు చెప్తున్నాడే ఉమా! డొంకతిరుగుడు లేకుండా, ఇంక బస్సెక్కనని చెప్తున్నాడు. నేనేమో కవిత దిద్దుకుంటూ కూచున్నాను. నీకొక్క ఫోను చేసుంటే... ఒక్క ఫోను...”

“ఊరుకోండక్కా.”

“తిట్టవే నన్ను. తిట్టు.”

“నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“పొయ్యి కాడ రెండూ సదివాడు. ముందల మావది, తరవాత మీది. మొదటిది ఇని బయపడిపోనాను. ఏది నిజం మావా అన్నాను. ‘అక్క దిద్దినాదే బాగుంది కదే’ అన్నాడు. నానడిగినదానికి అది జవాబు కాదు. కాదని నాకూ తెలిసింది. కానీ తెల్లారితే పనికెల్లాల, పిల్లని బడికి తయారు సెయ్యాల... మీదే నిజమనీసుకున్నాను. అలగే పడుకుండిపోనాను.”

“మరి ఇందాక నన్నడిగావు కదే, ఆ రోజుకి బతకాలనే ఉంది కదా అని?”

“మీరు అవునంటారేమోనని అడిగానక్కా.”

“అయ్యో ఉమా...”

“ఎవుర్ని తిడతాను? మిమ్మల్ని తిడితే నన్నూ తిట్టుకోవాల.”

“ఇన్ని తెలిసీ మళ్ళీ ఆ మాటే ఎందుకే ఫొటో కింద? వాడిదే వేయిద్దాం. లేకపోతే ఏదీ వద్దు. ఉత్త పేరు వేయిద్దాం.”

“ఉత్త పేరు కాదక్కా. మా పిల్ల తనూజకి ఇప్పుడిప్పుడే సదవడం వొత్తంది. ఫ్లెక్సీ ఎక్కడ కనిపించినా ఆగిపోయి, ఒక్కో అచ్చరం కూడబలుక్కుని సదివీసి గానీ కదల్దు. మావ మాట నా కాడ ఉంటాది. దానికి మీదే ఎయ్యండి.”