నీ మునుంలోకి నా చెయ్యి

బస్సులో కిటికీ సీటు కూడా నీకేనా? కూచో, కూచో హొన్నీ. గెల్చినావు కదా.

సిరుగుప్ప దాటేదాకా నోరు కట్టేసుకున్నా. ఇంక నా వల్ల కాదు. మనం దిగే తెక్కలకోట వచ్చేలోపల ఒక మాట తేలిపోవల్ల.

పోటీకాడ మైకులో మాట్లాడిన పిల్ల ఉండాదే, అక్షత, కాలేజీలో పాఠం చెప్తాదంట, ఏమనింది? మనం స్పర్ధె స్పర్ధె అంటాం కదా, ఇంగ్లీషులో కాంపిటీషన్. ఆ ఇంగ్లీషు మాట లాటిన్ అనే పాతకాలం భాషలో నుంచి వచ్చిందంట. అప్పుడు దానికి అర్థం ఒకర్నొకరు తోసుకోవడం కాదంట. కలిసి వెతుక్కోవడమంట! ఇద్దరూ ఒకే దానికోసం కూడి పోవడమంట!

అందరూ చప్పట్లు కొట్టినారు. నేను కొట్టలా. కలిసి వెతుక్కునేటోళ్లకి మడిలో నడుమ తాడెందుకు కట్టినారమ్మా, అని అడుగుదామనుకున్నా. మైకు పట్టుకుని తియ్యగా మాట్లాడేటోళ్లంటే నాకు ముందునుంచీ అనుమానమే.

ఇప్పుడు నీ మీద కూడా అనుమానమే. అట్ల సూడొద్దు.

సావుకారు వెంకట్రావు ఏమన్నాడు? మీ కూలీల ముఠాకి మేస్త్రి కావల్ల, సిద్ధమ్మో హొన్నమ్మో నేను చెప్పను, సిరుగుప్పలో నాట్ల పోటీ పెట్టినారు, ఇద్దర్లో ఎవరు ముందుంటే వాళ్లే, అన్నాడు. మేస్త్రి అంటే ఏంది? గట్టు మీద నిలబడి అరిచేది. ఇంక బురదలో వంగే పని లేదు. ఇద్దరికీ అదే కావల్ల. ఖరే కదా?

మరి సగం మడి అయినాక నడుం పట్టుకుని "అబ్బా" అని ఆగిపోయినావే, అదేంది?

మన ముఠాలో పద్ధతి నీకు తెల్వదా? పక్కదాని మునుం వెనకబడితే, దాని వంతు వరసలో మనమే రెండు కుదుళ్లు నాటి కలుపుకుంటాం. ఎవురూ అడగరు, ఎవురూ మెచ్చుకోరు. ఎన్ని కార్తెలు నీ మునుం నేను కలపలేదు, నా మునుం నువ్వు కలపలేదు? నువ్వు అబ్బా అన్నావు, నా చెయ్యి తాడు దాటి నీ మునుంలో పడింది. అది పోటీ అని చేతికేం తెలుసు? తలెత్తితే జనం నవ్వుతాండారు, సెల్‌ఫోన్లలో వీడియో తీస్తాండారు. నా మునుం వెనకబడి ఉండాది. నువ్వు యాడున్నావు? లేసి, చెరువులో కొంగ మాదిరి అడుగులేసుకుంటా ముందుకి పోయినావు!

ఆ నొప్పి యాడికి పోయెనే?

ఏంది? ఖరేగానే నడుం పట్టిందా? అయితే ఒట్టెయ్యి. నీ మనవరాలి మీద ఎయ్యి.

ఎయ్యవు. కిటికీ బయటికి ఏం సూస్తావు, ఆ వరిమళ్లు పుట్టినప్పట్నించీ సూస్తానే ఉండావు. ఈ పక్క తిరుగు.

ముందే అనుకున్నావా? ఇంటికాడే? సిద్ధక్క చెయ్యి ఊరకుండదు, అబ్బా అంటే చాలు వచ్చేస్తాది అని?

హౌదా? అవునా?

తల ఊపినావు సూడు, అది చాలు. ఏడవద్దు. కండక్టర్ సూస్తాండాడు. ఏడవద్దంటాండా కదే! నడుం నొప్పి రోజూ ఉండేదేనా? రాత్రుళ్లు పక్క తిరగలేకపోతాండావా? మరి ఈ మాట నాకు ఎందుకు చెప్పలా? పక్క పక్కన వంగే దాన్ని, నాకు చెప్పకుండా ఎవురికి చెప్తావు?

పోటీలో ఓడిపోయినానని కాదు హొన్నీ నా కడుపు మండేది. నేను నీకు సాయానికి వస్తానని గ్యారంటీగా తెలుసు నీకు. ఆ తెలిసినదాన్నే పట్టుకుని నన్ను పడేసినావు. రేపు ఇంకొకత్తి అబ్బా అంటే, నేను ఏమని సూడల్ల? నటిస్తాందా, నిజమా అని ఆలోచించుకుంటా చెయ్యి ఆపుకోవల్లనా?

అడిగింటే ఇచ్చింటి కదే. "అక్కా, నా నడుం పోయింది, ఈ ఒక్కసారి నాకు ఇడిసిపెట్టు" అనింటే, ఇచ్చింటి. నేను ఇయ్యనని ఎట్ల అనుకున్నావు?

...

తెక్కలకోట వచ్చేసింది. దిగు. మెట్టు ఎత్తు ఉండాది, నా భుజం పట్టుకో.

ఇచ్చింటి అన్నానా? ఏమో హొన్నీ. నా మోకాళ్లూ పోయినాయి. నువ్వు అడిగింటే, నేను ఇచ్చేదాన్ని కాదేమో.