దారిలో పురుళ్లు

సెమినార్ హాలు తలుపు దగ్గర పరిశోధక విద్యార్థిని తన గైడ్‌ను ఆపింది. లోపల అందరూ వచ్చి కూర్చున్నారు.

"మేడం, నేనీ పేపర్ చదవలేను."

"పది నిమిషాల్లో మొదలవ్వాలి. ఇప్పుడా చెప్పేది?"

"చిన్న ప్రసూతి కేంద్రాలు మూసేసినా పసిబిడ్డల మరణాలు పెరగలేదని రాశాం. అది తప్పు."

"ఏడాదిన్నర కష్టపడి లెక్కలు తీశాం కదమ్మా."

"ఆసుపత్రి రిజిస్టర్లే చూశాం. దారిలో పురుడొచ్చినవాళ్లు ఏ రిజిస్టర్లోనూ లేరు. నిన్న అంబులెన్స్ డ్రైవర్ల దగ్గర కూర్చుని వాళ్ల డైరీలు చదివాను. పదకొండు మంది బిడ్డలు ఆసుపత్రి చేరకముందే పోయారు."

"నెమ్మదిగా మాట్లాడు. ముందు వరసలో ఆరోగ్యశాఖ కార్యదర్శిగారున్నారు."

"నా భయమూ అదే. మన మాట నమ్మి మిగతా కేంద్రాలు కూడా మూసేస్తారు."

"ఈరోజుకి చదివేయ్. వచ్చే నెల సవరణ పంపుదాం."

"ఆయన సాయంత్రమే మూసివేత ఉత్తర్వు మీద సంతకం పెడుతున్నారని మీరే చెప్పారు."

"నీ డిగ్రీ ఏమవుతుందో ఆలోచించావా?"

"ఆలోచించే వచ్చాను. డైరీలు ఫోటోలు తీశాను, ఒక్కసారి చూడండి."

"అక్కర్లేదు."

"ఎందుకు మేడం?"

"సోమవారం నేనూ వెళ్లి చదివాను."

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదే?"

"ఆ కేంద్రాలు మూసేయమని మొదట సలహా ఇచ్చిందే నేను. నోరు పెగల్లేదమ్మా."

"ఇప్పుడు చెప్పగలరా?"

"తెలీదు. నువ్వు నా పక్కనే నిలబడు. ముందు నేను మాట్లాడతాను."

"ఏమని మొదలుపెడతారు?"

"సంతకం పెట్టొద్దని."