మామగారి జాగ్రత్తలు

మిట్టమధ్యాహ్నం. హైవే మీద కారు. నడుపుతున్నది ఒక అపరిచితుడు, పక్కన లిఫ్టడిగి ఎక్కిన అల్లుడు. అల్లుడి ఫోన్లో మామగారు.

"లిఫ్టా! బస్సు చార్జీకి కక్కుర్తిపడి ముక్కూ మొహం తెలియనివాడి కారెక్కుతావా? బుర్రుందా అల్లుడూ?"

"మామయ్యగారూ, స్పీకర్లో ఉన్నారు. ఆయన వింటున్నారు."

"స్పీకరు తీసెయ్."

"తీస్తే వినబడదండీ. రిపేరు చేయించాలి."

"పెళ్లైనప్పట్నుంచీ చేయిస్తూనే ఉన్నావు. సరే విను. రోడ్డు హంతకుల చరిత్ర నాకు కొట్టినపిండి. వెనకటికొకడు, ఎక్కించుకోగానే మంచినీళ్లిచ్చేవాడు."

"ఈయనా ఇచ్చారు, ఇందాకే తాగానండీ."

"మధ్యలో మాట్లాడకు. ఇంకొకడు ట్రాఫిక్ అనే వంకతో అడ్డదారి పట్టించేవాడు."

"అన్నా, మట్టిరోడ్డులోకి తిప్పావేంటి?"

"అటు ట్రాఫిక్ తమ్ముడూ."

"నేనిక్కడ దిగిపోతా. ఈ తలుపు... దీనికి హ్యాండిలేదీ?"

"తీసేశా."

"మామయ్యగారూ! మన పోలీసు బాబాయి నాకోసం జీపేసుకుని ఎదురొస్తానన్నాడు కదా?"

"పోలీసు బాబాయా? మన వంశంలో పోలీసెవడు? అందరం గుమస్తాలమే."

"కారు నంబరు కూడా మీకు పంపించాగా!"

"నాకేం రాలేదు. పంపకుండానే పంపానంటాడు. చూశారా డ్రైవరుగారూ?"

"చూస్తున్నానండీ."

"నేను గంటలో రాకపోతే మీ అమ్మాయి కంగారు పడుతుంది..."

"ఎందుకు పడుతుంది? ఆదివారం దాకా రానన్నావుగా. హాయిగా నిద్రపోతోంది."

"మీ కాళ్లు పట్టుకుంటా మామయ్యగారూ, ఒక్క నిమిషం నోరు..."

"ముయ్యమంటావా! చిన్నంతరం పెద్దంతరం లేదూ? నన్ను చెప్పనీ. ఆ మూడోవాడు, చంపినవాళ్ల వాచీలు దాచుకునేవాడు. డజను పైనే దొరికాయిట. ఒక్కటీ సరైన టైము చూపించదు. హంతకుడైతే మాత్రం, కీ ఇచ్చుకోవద్దూ?"

"మామయ్యగా..."

"ఏమిటా కొట్టుకోవడం? కారులో కుదురుగా కూర్చోవడం కూడా రాదా? ఏం, మాట్లాడవే? అల్లుడూ! ఊఁ కొట్టవేం?"

"పడుకున్నాడండీ."

"నేను నోరు తెరిస్తే మా ఇంట్లో అందరూ అంతే. పాపం మీరే ఓపిగ్గా వింటున్నారు. అల్లుడంటే మీలా ఉండాలి."

"ఎంత మాట! మీ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది సార్. ఇతన్ని దింపేసి అటు రానా? మిగతా చరిత్ర కూడా వినాలనుంది."

"రండి, రండి! కరెంటాఫీసు వెనకవీధి, చిట్టచివరి ఇల్లు. నేనూ అమ్మాయీ తప్ప నరమానవుడుండడు. బెల్లు పనిచెయ్యదు, తలుపు తీసే ఉంచుతా."